డాక్టర్ సువర్చల గారు చేసిన ఫోన్లు

ఇవాళ పొద్దున్న ఒక పెద్దాయన చేతికి బీపీ పట్టీ చుట్టి మీట నొక్కాను. యంత్రం బుస్సుమంటూ గాలి నింపుకుంది. ఆ చప్పుడు వింటే నాకు డాక్టర్ సువర్చల గారు గుర్తొస్తారు. నర్సీపట్నంలో ఆవిడ నడిపిన చిన్న ఆసుపత్రిలోనే నేను నర్సుగా చేరాను. బీపీ ఉన్నవాళ్లకు ఇంటికో యంత్రం ఇచ్చి, అందులో వచ్చే అంకెలు ఫోన్ ద్వారా మాకు చేరేలా ఆవిడే ఏర్పాటు చేశారు. అంకెలు బాగుంటే మా తెర మీద ఆ పేరు పచ్చగా, ఎక్కువైతే ఎర్రగా కనిపించేది. రోగులకు ఊరికే బస్సెక్కి వచ్చే బాధ తప్పిందని నేను సంబరపడ్డాను. "బస్సు తప్పింది సరే, మనిషి మొహం చూడ్డం కూడా తప్పిపోతుందమ్మా" అన్నారావిడ. అప్పుడా మాట నా తలకెక్కలేదు.

రోలుగుంట వైపు చెరకు పండించే సన్యాసినాయుడు గారని ఒకాయన ఉండేవారు. మందులు మార్చాక ఆయన పేరు పచ్చగానే ఉంటోంది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఎర్రబడింది, మునుపెన్నడూ లేనంత ఎక్కువగా. "మోతాదు పెంచుదామా మేడమ్?" అన్నాను. ఆవిడ తెర వంకే కాసేపు చూసి ఫోన్ తీసి స్పీకరు పెట్టారు.

"మాత్రలు వేసుకుంటున్నారా నాయుడు గారూ?"

"ఏసుకుంటన్నానండి. నాకేటీ లేదు, శుబ్బరంగా ఉన్నాను."

"నేను తిట్టనండి, నిజం చెప్పండి. ఈ పూట పట్టీ ఎవరి చేతికి కట్టారు?"

"మా ఆడదాని సెయ్యికండి. సెరుకు నరికించే పన్లో పడి మాత్రలు మానేసేను. ఎక్కువొస్తే మీరు కోప్పడతారని బయమేసింది. దానికేటి రోగం, రాయిలాటి మనిషి అనుకున్నాను."

సువర్చల గారు లేచి నిలబడ్డారు. ఫోన్ వాళ్లావిడకిమ్మన్నారు. భార్య అప్పయ్యమ్మ గొంతు నీరసంగా వినిపించింది. "తలకాయ పగిలిపోతందమ్మా. ఎండకనుకున్నాను. కళ్లు కూడా మసక్కమ్మేత్తన్నాయి." ఎప్పుడూ పుస్తకంలా మాట్లాడే మా డాక్టరు గారు "ఆటో పిలిపించి బేగి తీసుకురండి, బేగి!" అని అరిచారు.

తెచ్చారు. ఆ పూట ఆలస్యమైతే పక్షవాతం వచ్చి ఉండేది. బీపీ మెల్లగా దిగి అప్పయ్యమ్మ మంచినీళ్లు అడిగేదాకా మేము మంచం పక్క నుంచి కదల్లేదు. నాయుడు గారు వసారాలో తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. డాక్టరు గారు వెళ్లి ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నారు. "మీరు మోసం చెయ్యబట్టే ఆవిడ జబ్బు బయటపడింది. ఇంకెప్పుడూ చెయ్యకండి" అన్నారు. ఏడుస్తూనే నవ్వారాయన.

ఎలా కనిపెట్టారని తర్వాత అడిగాను. "యంత్రం గుండె వేగం కూడా పంపుతుందిగా, అది ఆయనది కాదనిపించింది. అనుమానమే. అడిగితేనే తెలిసింది" అన్నారు. ఆనాటి నుంచి పచ్చగా ఉన్నవాళ్లకు కూడా నాచేత ఫోన్ చేయించేవారు. "బాగున్నవాళ్లకి ఎందుకు మేడమ్?" అంటే, "బాగున్నారని యంత్రం చెప్పింది. వాళ్లు చెప్పలేదుగా" అన్నారు.

సువర్చల గారు ఇప్పుడు లేరు. నేను కొండల్లో, కొయ్యూరులో పనిచేస్తున్నాను. సిగ్నల్ దొరికినప్పుడల్లా ఎవరో ఒకరికి ఫోన్ చేస్తాను. "ఏటమ్మా, నాకేటైనా ఎక్కువైందేటి?" అని కంగారుపడతారు. "ఏమీ లేదండీ, ఎలా ఉన్నారో మీ నోట విందామని" అంటాను. నేను ఆగుతాను. అప్పుడు మెల్లగా చెప్పడం మొదలుపెడతారు.