ఓబులేసు మామ సొంత గొంతు

పోయిన వారం అనంతపురంలో పళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చున్నాను. గది నిండా లవంగనూనె వాసన. లోపల ఎవరి పన్నునో అరగదీస్తున్న చప్పుడూ, గోడ మీది టీవీలో జీపుల చప్పుడూ కలిసిపోయి వినిపిస్తున్నాయి. తలెత్తి చూస్తే, జీపు మీద నిలబడి ఒక నిలువెత్తు మనిషి మీసం దువ్వుతూ, శత్రువుల వంశాన్నే లేకుండా చేస్తానని గర్జిస్తున్నాడు. పక్క కుర్చీలోని చిన్నపాప వాళ్లమ్మ కొంగులో ముఖం దాచుకుంది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. వాచిన దవడ పట్టుకుని నవ్వుతున్న నన్ను అందరూ వింతగా చూశారు. ఆ గర్జించే మనిషి గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి ఓబులేసు మామ అనీ, ఆ గర్జన ఆయనది కాదనీ వాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

మామ అసలు గొంతు సన్నం. పక్కింటి గుమ్మంలో నిలబడి కాసింత చింతపండు అడిగేటప్పుడు మనుషులకు ఉండే మొహమాటం ఆయన ప్రతి మాటలోనూ ఉండేది. ఆయన రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తా, మా నాయన గార్డు. రెండిళ్ల వంటగదులకూ నడుమ ఒకటే గోడ. కుర్రతనంలో మామ ఆ గొంతు పుణ్యాన తిరునాళ్ల నాటకాల్లో ఆడవేషాలు కట్టేవాడట. తర్వాత గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడవు పెరిగాడు. దుమ్ము పడక కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఇక ఆ మీసం సంగతి చెప్పనక్కరలేదు. నాటకాలవాళ్లు ఆడవేషానికి పిలవడం మానేశారు, ఆ గొంతుకు మగవేషం ఇవ్వలేకపోయారు. "దేవుడు ఇద్దరికి కొలతలు తీసి ఒక్కన్నే కుట్టినాడు పాపా" అనేవాడు నాతో.

నేను డిగ్రీలో ఉండగా గుత్తి కోట దగ్గర షూటింగు చేయడానికి సినిమావాళ్లు వచ్చారు. రైల్లో వచ్చిన లైట్ల పెట్టెలు విడిపించుకోవడానికి వాళ్ల మేనేజరు పార్సిలు ఆఫీసుకు వెళ్లాడు. బల్ల వెనక నుంచి మామ లేచి నిలబడేసరికి ఆ మనిషి రెండడుగులు వెనక్కు వేసి, పెట్టెల సంగతి మరిచిపోయి, డైరెక్టరుకు ఫోను చేశాడు. మామ భార్య సుంకమ్మత్తా, మా అమ్మా, నేనూ చద్దిమూట కట్టుకుని షూటింగు చూడటానికి పోయాం. మామకు తెల్ల పంచె కట్టి, కళ్లు బాగానే ఎర్రగా ఉన్నాయని మేకప్పు కూడా అక్కర్లేదన్నారు. మాటలు నేర్పించడానికి కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక కుర్ర అసిస్టెంటు ఉన్నాడు. మామ డైలాగు చెప్పగానే అతను తల అడ్డంగా ఊపాడు.

"అలా కాదండీ బాబాయ్ గారూ. సీమవాళ్లు అలా మాట్లాడరు."

"అట్లనా సార్" అన్నాడు మామ, ఏ వెటకారమూ లేకుండా. "మేము ఎట్ల మాట్లాడతామో రోంత చెప్పండి, నేర్చుకుంటా."

అతను ప్రతి మాటా సాగదీసి, చివర్లో ఒక 'రా' తగిలించి, పళ్లు కొరికి చూపించాడు. మామ ఆ ఎండలో నిలబడి, పుట్టినప్పటి నుంచీ తాను మాట్లాడుతున్న భాషను శ్రద్ధగా కొత్తగా నేర్చుకున్నాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ కష్టమంతా వృథానే. ఆ సన్నగొంతు విన్న డైరెక్టరు, పెదవులు కదిలిస్తే చాలు, తర్వాత వేరేవాళ్ల చేత చెప్పిస్తాం అన్నాడు.

సినిమా వచ్చినప్పుడు క్వార్టర్లన్నీ హాల్లోనే ఉన్నాయి. తెర మీద మామ నోరు తెరిచాడు. పిడుగు పడ్డట్టు గొంతు వచ్చింది. హాలంతా ఈలలు. అత్త మాత్రం వెనక వరుస వైపు తిరిగి, ఏదో తప్పు సరిదిద్దుతున్నట్టు "మొగం మాదే. గొంతు ఎవురిదో" అని చెప్పింది.

దాని తర్వాత ఏ ఫ్యాక్షన్ సినిమా తీసినా మామకు పిలుపు వచ్చేది. ఊళ్లో ఆయన నడిచివస్తే జనం దారి ఇచ్చేవాళ్లు. అయితే నోరు తెరిచిన మరుక్షణం ఆ ప్రభావమంతా కరిగిపోయేది. ఇది కనిపెట్టిన అత్త ఆయనకు ఒక నియమం పెట్టింది: "యాడికి పోయినా మాట్లాడగాకు. ఊరికే నిలబడు." ఆ నిలబడటం కోసం ఇరుగుపొరుగు ఆయనను అరువు తీసుకుపోవడం మొదలుపెట్టారు.

మా నాయన కూడా తీసుకుపోయాడు. గుమ్మఘట్ట దగ్గర మాకు ఒక మెట్టచేను ఉండేది. పక్క చేనతను శివన్న ఏటేటా దున్నేటప్పుడు గట్టును కాస్త మా వైపుకు జరిపేవాడు. మామ గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. శివన్న ముఖంలో రంగు మారింది. సగం కన్నడం, సగం తెలుగు కలిపి, తన తప్పేమీ లేదనీ ఎద్దులే అటు లాగాయనీ చెప్పుకున్నాడు. తీర్పు దాదాపు అయిపోయింది. మామను మంచి చేసుకోవడానికి శివన్న చెంబుతో చల్లటి మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. మామకు నియమం గుర్తులేదు.

"వద్దప్పా, జలుబు చేసినాది. ఉడుకునీళ్లు ఉంటే రోన్ని ఇయ్యి" అన్నాడు, ఆ సన్నని గొంతుతో.

శివన్న ఆయనను ఎగాదిగా చూశాడు. తర్వాత గట్టు మీద కూలబడి, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. పని చెడిపోయిందనుకుని మా నాయన తల పట్టుకున్నాడు. కానీ శివన్న నవ్వు అయ్యాక లేచి, గట్టు పాతచోటికే జరుపుతానని మాట ఇచ్చాడు, జరిపాడు కూడా. భయపడి అయితే మరుసటి ఏడు మళ్లీ జరిపేవాడేమో. నవ్వి ఒప్పుకున్నాడు కాబట్టి ఆ గట్టు ఇప్పటికీ అక్కడే ఉంది.

నా కథ వేరు. పీజీ చదవడానికి దూరం పోయినప్పుడు హాస్టల్లో పిల్లలు నా చేత 'యాడికి', 'ఉండాది' అని మళ్లీ మళ్లీ అనిపించుకుని నవ్వేవాళ్లు. ఆ నవ్వు శివన్న నవ్వులాంటిది కాదు. చదువయ్యాక కోస్తాలో ఒక కాలేజీ నుంచి తెలుగు అధ్యాపకురాలి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. మా వంటగదిలో చిన్న అద్దం పెట్టుకుని "వచ్చారండీ, వెళ్లారండీ, అలాగేనండీ" అని సాధన మొదలుపెట్టాను. గోడ అవతల నుంచి మామ గొంతు వచ్చింది.

"ఎవరికి డబ్బింగు చెప్తాండావు పాపా?"

నాకు కోపమొచ్చి అద్దం బోర్లించాను. కాసేపటికి ఆయనే వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. "నా మొగానికి సినిమావాళ్లు వేరే గొంతు అతికించినారు, నేను వద్దనలేకపోతి. నీకెవరూ అతికియ్యల్యా. నీ అంతట నువ్వే అతికించుకుంటాండావు" అన్నాడు. వెళ్లబోతూ ఆగి, "హాల్లో మొదట చూసినప్పుడు నాకూ నవ్వొచ్చింది. తర్వాత తర్వాత నవ్వు రాల్యా" అన్నాడు.

ఇంటర్వ్యూలో నా మాటే మాట్లాడాను. ఆ ఉద్యోగం నాకు రాలేదు. తిరిగొచ్చి మామతో మాట్లాడటం మానేశాను. ఆయన వేరుశనగలతో కట్టే చెనిగ్గింజల ఉండలు తెచ్చి, సలహా ఇచ్చేంత గొంతు తనకెక్కడిదని, తప్పంతా తనదేనని ఎంత దిగులుగా అన్నాడంటే, చివరికి నేనే ఆయనను ఓదార్చాల్సి వచ్చింది. తర్వాత కొంతకాలానికి అనంతపురం కాలేజీలో ఉద్యోగం దొరికింది.

రిటైరయ్యాక మామకు ఒక టీవీ సీరియల్లో కోడల్ని రాచిరంపాన పెట్టే మామగారి వేషం వచ్చింది. గొంతు మాత్రం అదే, మొదటి సినిమాలో చెప్పినాయనదే. మార్కెట్లో ఆడవాళ్లు అత్తను పక్కకు పిలిచి, ఇంట్లో కూడా ఆయన అట్లే చేస్తాడా అని జాలిగా అడిగేవారు. "ఇంట్లో నేను చేస్తా అట్ల" అని అత్త జవాబు.

ఏళ్ల తరబడి నడిచిన ఆ కథలో ఒకరోజు మామగారు మారిపోయి, ఇల్లు విడిచిపోతున్న కోడల్ని బతిమాలాలి. డబ్బింగు చెప్పే ఆయన ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ పిడుగుగొంతులో బతిమాలడం పలకలేదట. చివరికి ఆయనే, కెమెరా ముందు ఏడ్చిన మనిషి ఉండగా నేనెందుకు అని పట్టుబట్టి, మామను మైకు ముందు నిలబెట్టి బయటికి పోయాడట. ఇదంతా మామ ఫోనులో చెప్పాడు. అది ప్రసారమయ్యే సాయంత్రం నేను బస్సెక్కి గుంతకల్లు పోయాను. ఇంటి నిండా జనం. తెర మీద మామ చేతులు జోడించాడు.

"తప్పు జరిగిపోయినాది తల్లీ. ఇల్లిడిసి పోగాకు."

కాగితంలో ఉన్న మాటలు అవి కావట. ఎవరో లేచి, టీవీ చెడిపోయినట్టుందని రిమోటు కోసం వెతికారు.

"ఊరకుండప్పా" అంది సుంకమ్మత్త, తెర మీది నుంచి చూపు తిప్పకుండా. "మా ఆయప్ప మాట్లాడతాండాడు."

ధ్వని సరిగా రాలేదని చానలుకు చాలా ఫిర్యాదులు వెళ్లాయి. మరుసటి రోజు నుంచి పిడుగుగొంతు తిరిగి వచ్చేసింది. మామ మాత్రం జలుబని ఆ వారమంతా ఉడుకునీళ్లు తాగుతూ, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆ ఒక్క మాటా అదే గొంతుతో చెప్పి వినిపించాడు.

కిందటి వానాకాలం ముందు ఆయన నిద్రలోనే వెళ్లిపోయాడు. రైల్వే కళ్యాణమండపంలో సంతాపసభ పెట్టారు. మాట్లాడినవాళ్లందరూ పరమపదించారనీ, దివంగతులయ్యారనీ, కళామతల్లి ఒడి చేరారనీ అన్నారు. మొదటి వరుసలో కూర్చున్న అత్త, ఎవరి గురించో వింటున్నట్టు చూస్తోంది. నా చేతిలోనూ అటువంటి మాటలే రాసుకున్న కాగితం ఉంది. దాన్ని మడిచి, మైకు ముందుకు పోయి, "మా మామ పోయినాడు" అన్నాను. అత్త తలెత్తింది. ఆ తర్వాత కొత్తగా సీమ భాష నేర్చుకున్న సంగతీ, శివన్న మజ్జిగ సంగతీ చెప్పాను. సంతాపసభ అని మరిచిపోయి అందరూ నవ్వారు, అందరికంటే ఎక్కువగా అత్త నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు తరగతిలో పాఠం చెబుతుంటే నా నోట 'ఉండాది', 'చేసినాడు' దొర్లిపోతుంటాయి. నేను దిద్దుకోను. వెనక బెంచీలో పల్లె నుంచి వచ్చిన పిల్ల ఎవరో, వాళ్లింట్లో మాట పాఠంలోకి ఎట్లా వచ్చిందా అని ఉలిక్కిపడి చూస్తుంది. కాసేపటికి, ఏడాదంతా నోరు మెదపని ఆ పిల్ల చెయ్యి ఎత్తుతుంది.