నలభై ఒకటో గొట్టం

ఆసుపత్రి మూడో అంతస్తులో ఆమెను అందరూ ఉమ్ములక్క అంటారు. ఆమెకు కోపం రాదు సరికదా, ఎవరైనా ముక్కు చిట్లిస్తే "మీరు పారేసేది నేను ఫ్రిజ్‌లో దాస్తున్నా, నా అంత పొదుపరి ఎవరున్నారు?" అని దబాయిస్తుంది. పదిహేనేళ్లుగా అదే బల్ల, అదే కిర్రుమనే కుర్చీ. నోటి క్యాన్సర్‌కి ఆపరేషన్ అయినవాళ్లు గొట్టంలో ఉమ్మి ఇచ్చి వెళ్తారు. ఆమె దాన్ని యంత్రంలో గిరగిరా తిప్పి, అందులోంచి మైక్రో ఆర్ఎన్ఏలను వేరు చేస్తుంది. కణంలో ఏ జన్యువు ఎంత పని చేయాలో అదుపు చేసే బుల్లి అణువులవి. "కంటికి కనబడవు గానీ పెత్తనమంతా వీటిదే!" అని మురిసిపోతూ చెబుతుంది. వాటిలో ఇరవై ఒకటో రకం మితిమీరితే జబ్బు ముదురుతోందేమో, తిరగబెడుతుందేమో అని అనుమానం. అది ఎంతవరకు నిజమో తేల్చడమే ఆ గదిలో పని.

గొట్టాల మీద పేర్లుండవు, అంకెలే. ఏది ఎవరిదో ఆమెకు తెలియకూడదు. కానీ బాబాయి ఊరుకుంటేగా! నాన్న పోయాక ఆమెను పెంచి పెద్దచేసిన మనిషి, ముప్పై ఏళ్లు బస్సు కండక్టరు. బుగ్గలో గడ్డ తీయించుకుని ఆర్నెల్లయింది. గొట్టం చేతికందగానే వరండా దద్దరిల్లేలా "నలభై ఒకటి! ముందుకు జరగండి!" అని కేకేశాడు. వరసలో ఉన్నవాళ్లు నిజంగానే ఓ అడుగు జరిగారు.

మర్నాడు తెర మీద ఇరవై ఒకటో రకం గీతలన్నీ బుద్ధిగా ఆలస్యంగా లేచాయి; గీత ఎంత ముందు లేస్తే ఆ రకం అంత ఎక్కువున్నట్టు. నలభై ఒకటి మాత్రం అందరికంటే ముందే ఎగిరి కూర్చుంది. ఆమె యంత్రాన్ని తిట్టింది, తుడిచింది, బతిమాలింది. మళ్లీ నడిపినా అదే గీత. అప్పుడు పక్క వరస కంటబడింది. రక్తం కలిస్తే పెరిగే మరో రకం కూడా దాంతోపాటే ఎగిరింది. అంటే గొట్టంలో రక్తముంది, ఇరవై ఒకటో రకాన్ని పెంచింది కూడా అదే కావచ్చు. ఆ రక్తం చిగుళ్లదా, మళ్లీ లేచిన పుండుదా?

పరుగున వెళ్లి డాక్టరమ్మకు చెప్పింది. ఆవిడ వెంటనే బాబాయిని పిలిపించి, నోట్లోకి లైటు వేసి మూలమూలా చూసింది.

"మచ్చ లేదు, పుండు లేదు. చిగుళ్లే చీరుకుపోయాయి. మీ పళ్లతో మీకేం పగండీ?"

"ఉమ్మి ఇచ్చే ముందు మూడుసార్లు తోమానండి," అన్నాడు బాబాయి గర్వంగా.

గంట ముందు నుంచి పళ్లు తోమకూడదని ఉమ్ములక్క అందరికీ నూరిపోస్తుంది. ఇంటి మనిషేగా, ఆమాత్రం తెలియదా అని ఆయనకొక్కడికే చెప్పలేదు. చిగుళ్లు మానాక రెండోసారి ఇచ్చిన ఉమ్మిలో రక్తం జాడ లేదు, ఇరవై ఒకటో రకం గీత కూడా అందరితోపాటే మెల్లగా లేచింది. ఒక్క గీతతో అంతా తేలిపోదని ఆమెకు తెలుసు. అయినా కుర్చీలో మూడు చుట్లు తిరిగి, కళ్లు తిరుగుతుండగానే వరండాలోకి పరిగెత్తింది.

"నా ప్రాణాలు తోడేశావు బాబాయ్! ఎవరు తోమమన్నారు నిన్ను?"

ఆయన తల దించుకున్నాడు. "పొద్దస్తమానం నలుగురి ఎంగిలీ పట్టుకుంటావు కదమ్మా. నాదైనా శుభ్రంగా ఇద్దామనుకున్నా."

ఆమె పకపకా నవ్వుతూనే ఏడ్చేసింది.

"నీ ఎంగిలి ముద్దలు తినే కదా బాబాయ్ నేను ఇంతదాన్నయింది!"