దురద డాక్టరుగారి కోపం

ఆ గుండె డాక్టరుగారికి కోపం రాని పూటంటూ లేదు. లిఫ్టు ఆలస్యమైతే కోపం. వెంటనే వస్తే "నాకు కాళ్లు లేవనుకుందా?" అని మరీ కోపం. కానీ అసలు కోపమంతా ఒంట్లో ఊరే రసాయనమైన హిస్టమిన్‌ని జనం దురదలకే కట్టబెట్టేశారని.

"ఒళ్లు దద్దుర్లెక్కితే అందరూ దాని పేరే చెబుతారు! గుండెలోనూ ఉందయ్యా అది! లయ తప్పినప్పుడూ, దాన్ని సరిచెయ్యడానికి మేం కరెంటు షాకు కొట్టినప్పుడూ గుండె దాన్ని రక్తంలోకి ఎంత వదులుతుందో ఒక్కడైనా అడిగాడా?"

ఎవరూ అడగలేదు. పైగా ఆసుపత్రంతా కలిసి ఆయనకు దురద డాక్టరని పేరు పెట్టింది.

వార్డులో కొత్తగా చేరిన నర్సుకు ఆయనంటే ఒళ్లుమంట. ఆయన హిస్టమిన్ పరిశోధనకు ఒప్పుకున్న ప్రతి రోగి దగ్గరా షాకుకు ముందోసారి, వెంటనే ఓసారి ఆమె రక్తం తీయాలి. గంట తర్వాత తీసే మూడోది మాత్రం తన పనేనంటూ ఆయన తెర లాగేసి, మంచం పక్కనే సణుగుతూ కూర్చుంటారు.

ఒకరోజు బట్టలు కుట్టే ఆవిడ ఒకామె వచ్చి చేరింది. గుండె పలుపు తెంచుకున్న దూడలా గంతులేస్తోంది. షాకు అనగానే మంచం దిగేసింది.

"నావల్ల కాదు బాబూ, నన్ను ఇంటికి పంపించెయ్యండి."

డాక్టరుగారు గయ్యిమన్నారు. ఆమె మీద కాదు, షాకు యంత్రం మీద.

"చూశారా దీని పొగరు! ఇంతమందిని హడలగొడుతోంది, సిగ్గులేదు! మీకు మత్తిచ్చాక ఒక్క క్షణం పనమ్మా. ఆ తర్వాత దీని సంగతి నేను చూస్తాను."

ఆమెకు నవ్వాగలేదు. మంచమెక్కింది. మత్తిచ్చారు, షాకిచ్చారు, గుండె దారికొచ్చింది.

నర్సు రెండు సీసాలూ ల్యాబుకు పట్టుకెళ్లి, "మూడోది గంటయ్యాక డాక్టరుగారు పంపిస్తారు" అంది.

"మూడోదేంటమ్మా?" అన్నాడు ల్యాబు అతను. "మాకెప్పుడూ రెండే వస్తాయి."

నర్సుకు అరికాలిమంట నెత్తికెక్కింది. మరి ఆ మూడో సూది ఎందుకు పొడుస్తున్నట్టు? విసవిసా వచ్చి తెర పక్కకు లాగింది.

డాక్టరుగారి చేతిలో సూదీ లేదు, సీసా లేదు. అప్పుడే కళ్లు తెరిచి బిత్తరపోతున్న ఆమె చెయ్యి ఉంది.

"అంతా అయిపోయిందమ్మా, మీకేం కాలేదు. ఇదిగో, నా కోటు జేబు చూడండి, ఆ దర్జీ ఎంత అన్యాయంగా కుట్టాడో!"

ఆమె జేబు తిప్పి చూసింది. "ఇది కుట్టడం కాదండీ, పగ తీర్చుకోవడం!"

"సార్, మూడో రక్తం?" అంది నర్సు.

డాక్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి.

"మెలకువొచ్చేసరికి పక్కన మనిషి లేకపోతే ఎంత భయమో నీకు తెలుసా? ఊరికే కూర్చున్నాననుకో, మీరంతా నన్ను మంచివాడంటారు! ఆ చెడ్డపేరు నాకెందుకు?"

"ఎవరికీ చెప్పను సార్."

"చెప్పకపోతే మానెయ్, ముందు ఆ తెర వేసి వెళ్లు! ఈవిడ ఇంకా నా కాలరు చూడలేదు."