కాంక్రీట్ పోయకముందు చూసే మనిషి

ఈ ఉదయం పక్కింటివాళ్ళ పెరట్లో పునాది తవ్వారు. వంటింటి కిటికీ తెరవగానే తడి బంకమన్ను వాసన గుప్పుమంది. వీధిలో కాంక్రీట్ లారీ డ్రమ్ము తిప్పుకుంటూ నిలబడి ఉంది. ఎవరైనా వచ్చి ఆ గోతిలోకి దిగి చూస్తారేమోనని టీ చల్లారిపోయేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఎవరూ రాలేదు. మేస్త్రీ ఎవరితోనో ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి, లారీ డ్రైవరుకు కానివ్వమని చెయ్యి ఊపాడు. కాంక్రీట్ పడిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట మేస్త్రీ మీద కొంచెమే. ఎక్కువ భాగం నా మీదే. ఎందుకంటే ఒకప్పుడు, ఇలా ఫోన్లో తేల్చేసిన పనిని "తనిఖీ పూర్తయింది" అని రాయించిన వాణ్ణి నేనే. అది తప్పని నా మొహం మీదే చెప్పిన మనిషి వసుంధర గారు.

ఆవిడది అనంతపురం. సివిల్ ఇంజనీరింగ్ చదివి, పెళ్ళయ్యాక ఇంగ్లండ్ వచ్చి, ఇక్కడ మళ్ళీ పరీక్షలు రాసి కౌన్సిల్లో, అంటే ఇక్కడి మునిసిపాలిటీలో, బిల్డింగ్ కంట్రోల్ సర్వేయరయ్యారు. కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళు, ఉన్న ఇంటికి గది పెంచేవాళ్ళు నిబంధనల ప్రకారం కడుతున్నారా లేదా అని దగ్గరుండి చూడటం వాళ్ళ పని. నేను చూసేనాటికి ఆవిడకు యాభై దాటాయి. పొట్టి మనిషి. పసుపురంగు హెల్మెట్ కింద చిన్న బొట్టు, కాళ్ళకు ఇనప ముక్కుల బూట్లు, చేతిలో నడుమెత్తు ఇనప చువ్వ. మేస్త్రీలు ఆవిడను "వాస్" అని పిలిచేవాళ్ళు. ఆవిడ కారు వీధి మలుపు తిరగ్గానే సిగరెట్లు పారేసి నిటారుగా నిలబడేవాళ్ళు.

నాది తణుకు. కోవెంట్రీలో సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు అయిపోయి, ఇంటి లోన్ నెత్తిన పెట్టుకుని ఉన్న రోజుల్లో కౌన్సిల్లో ఇంకో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. రెండువేల నాలుగు ప్రాంతం. చుట్టుపక్కల మూడు చిన్న కౌన్సిళ్ళు విడివిడిగా నడుపుకోలేక తమ బిల్డింగ్ కంట్రోల్ విభాగాలను ఒకటిగా కలిపేశాయి. ఆ విభాగం వసూలు చేసే ఫీజులతోనే దాని ఖర్చు వెళ్ళాలని నియమం. ఇదే పని చేసే ప్రైవేటు ఇన్‌స్పెక్టర్లేమో పెద్ద పెద్ద కాలనీల పనులు ఎగరేసుకుపోయారు. మాకు మిగిలినవి వంటింటి ఎక్స్‌టెన్షన్లు, అటక గదులు, పడిపోబోయే గోడలు. పడిపోబోయే గోడకు ఎవడూ ఫీజు కట్టడు. ప్రజల ప్రాణాలకు సంబంధించిన పనిని కిరాణా కొట్టులా నడపమని చెప్పి, బేరానికొచ్చే సరుకంతా ఎదుటి కొట్టువాడికి వదిలేశారు. ఇప్పుడు తలుచుకుంటే రక్తం ఉడుకుతుంది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. మూడు కౌన్సిళ్ళ కంప్యూటర్లను కలిపి, మూడు నెలలకోసారి ఉమ్మడి కమిటీకి పనితీరు రిపోర్టు తయారుచేయడం నా ఉద్యోగం. ఒక్కో సర్వేయరుకు ఒక్కో వరుస. ఉదయం పది లోపల అడిగిన తనిఖీ ఆరోజే పూర్తయితే పచ్చ గడి, లేకపోతే ఎర్ర గడి.

నేను చేరిన రెండో వారంలో ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చారు.

"నువ్వేనా లెక్కలబ్బాయివి? తెలుగోడివంట."

"అవునండి. తణుకండి మాది."

"ఈ ఇన్‌స్పెక్షన్లన్నీ లెక్కపెడ్తాండావు గదా, ఎప్పుడన్నా ఒకటి చూసినావా?"

"లేదండి ఆంటీ. నాకు డేటా ఉంటే చాలండి."

"చాలంట! పెండ్లి చూడకుండా విస్తర్లు లెక్కపెట్టేటట్టుండావే. లెయ్యి, బూట్లు తొడుక్కో."

ఆ బూట్లు నాకు రెండు సైజులు పెద్దవి. తుంపర వానలో ఒక ఇంటి వెనక బురదలో నిలబడ్డాం. టెర్రీ అనే మేస్త్రీ పునాది తవ్వి సిద్ధంగా ఉన్నాడు. వీధిలో కాంక్రీట్ లారీ వచ్చి ఆగింది. వసుంధర గారు నిచ్చెన వేయించుకుని గోతిలోకి దిగారు. అడుగడుక్కీ చువ్వ గుచ్చుతూ వెళ్ళారు. మూడు పక్కలా చువ్వ టక్కుమని ఆగింది. నాలుగో పక్క, వెన్నలో దిగినట్టు సగందాకా దిగిపోయింది.

"టెర్రీ, ఇక్కడ ఎప్పుడో చెత్త గొయ్యి ఉండేది. గట్టి మన్ను తగిలేదాకా తవ్వాలి."

"లారీ బయటే ఉంది వాస్! ఇలాగైతే వచ్చేసారి ప్రైవేటువాళ్ళ దగ్గరికి పోతాను, చెప్తున్నా."

"పో నాయనా. వాళ్ళు టై కట్టుకుని వస్తారు, బిస్కెట్లు కూడా పెడతారేమో. ఇవాళ మాత్రం తవ్వు."

ఇంగ్లీషులో మాట్లాడుతున్నా ఆ "నాయనా" మాత్రం తెలుగులోనే అన్నారు. టెర్రీకి అది అలవాటే. తిట్టుకుంటూనే లారీని వెనక్కి పంపి పార పట్టాడు. బూడిద, పగిలిన పింగాణీ, గాజు సీసాలు బయటపడ్డాయి. గట్టి నేల తగిలేదాకా ఆవిడ కదల్లేదు.

తిరిగివస్తుంటే కారులో అన్నారు. "కాంక్రీట్ పడినంక దాని కింద ఏముందో ఎవురికీ తెలీదు. అందుకే పడకముందు చూడల్ల. మన ఉద్యోగమంతా అంతేనప్పా."

ఆ సాయంత్రం చూడాల్సిన ఇంకో రెండు సైట్లు ఆవిడ మర్నాడు చూశారు. నా రిపోర్టులో ఆవిడ వరుసలో రెండు ఎర్ర గడులు పడ్డాయి. నేనే వేశాను. బురద ఇంకా నా ప్యాంటు మీద ఆరనేలేదు.

కౌన్సిళ్ళు కలిశాక సర్వేయర్లు తగ్గారు, తిరగాల్సిన దూరం పెరిగింది. అందరి వరుసల్లోనూ ఎరుపు పెరిగింది. మా మేనేజర్ మార్టిన్ చెడ్డవాడు కాదు, భయస్థుడు. "ఇంత ఎరుపు చూస్తే కమిటీ సభ్యులు మనల్ని మూసేస్తారు. ఏదైనా దారి చూడు" అన్నాడు. అబద్ధం రాయమని అతను అనలేదు. దారి కనిపెట్టిన తెలివి పూర్తిగా నాది. "ఫోన్‌లో సలహా" అని కంప్యూటర్లో ఒక కొత్త రకం చేర్చాను. మేస్త్రీ ఫోన్ చేసినప్పుడు సర్వేయర్ "కానివ్వు" అంటే చాలు, అది ఆరోజు పూర్తయిన తనిఖీల్లో కలిసిపోతుంది. ఒక్క మధ్యాహ్నంలో రాసేశాను. వచ్చే రిపోర్టుకల్లా పేజీ పచ్చిక మైదానంలా అయింది. మార్టిన్ నా భుజం తట్టాడు. నేను మురిసిపోయాను కూడా.

ఒక్క వరుస మాత్రం ఎర్రగానే ఉంది. ఆవిడ ఆ కొత్త రకాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర తన డబ్బాలోంచి నాకు చిత్రాన్నం పెడుతూ అడిగారు.

"ఫోన్లో మన్ను మెత్తగుందో గట్టిగుందో ఎట్ల తెలుస్తాది నాయనా?"

"అందరూ వాడుతున్నారండి ఆంటీ. మీరూ వాడితే మీ వరుస కూడా..."

"నా వరుస సంగతి కాదు నేనడిగేది. చూడనిదాన్ని చూసినట్టు ఎందుకు రాస్తాండావు?"

"చూసినట్టని ఎక్కడా రాయలేదండి. పూర్తయిందనే రాశాం."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "అబ్బ, ఏం చదువు చదివినావప్పా!" అన్నారు. ఆ తర్వాత కూడా నాకు అన్నం పెట్టడం మానలేదు.

కొన్నాళ్ళకు ఫీజుల రాబడి ఇంకా తగ్గింది. ఒక సర్వేయర్ ఉద్యోగం తీసేస్తారని, ఎవరిదన్నది పనితీరు రిపోర్టును బట్టి తేలుస్తారని తెలిసింది. వసుంధర గారు నా దగ్గరికి వచ్చారు. ఆవిడ నన్ను అడిగింది ఆ ఒక్కసారే. అంకెలు మార్చమనలేదు. తన వరుస కింద ఒక్క వాక్యం వేయమన్నారు. ఈ వరుసలోని తనిఖీలన్నీ సైటుకు వెళ్ళి చేసినవి అని. "తప్పకుండా వేస్తానండి" అన్నాను. వేశాను కూడా. మార్టిన్ చదివి, "అయితే మిగతావాళ్ళు సైటుకు వెళ్ళలేదా అని అడుగుతారు. పైగా రిపోర్టు ఒక పేజీ దాటకూడదు" అన్నాడు. నేను వాదించలేదు. తీసేశాను. తీసేశానని ఆవిడకు చెప్పనూ లేదు.

ఉమ్మడి కమిటీ సమావేశంలో నేను ప్రొజెక్టర్ పక్కన కూర్చున్నాను. సభ్యులు ఎంతో సంతోషించారు. కౌన్సిళ్ళు కలిస్తే ఎంత మేలో చూడండని ఒకరినొకరు మెచ్చుకున్నారు. ఒకాయన కళ్ళజోడు సర్దుకుని, "ఆ ఒక్కటీ ఎందుకలా ఉంది?" అని అడిగాడు. "ఒక ఆఫీసరు పాత పద్ధతులు వదులుకోలేకపోతున్నారు" అన్నాడు మార్టిన్. గదిలో నిజం తెలిసిన వాళ్ళం ఇద్దరమే. రెండోవాణ్ణి నేను. చేతిలో ఉన్న రిమోట్ నొక్కి తర్వాతి పేజీ చూపించాను.

ఉద్యోగం పోయిన ఉత్తరం అందిన రోజు ఆవిడ నా బల్ల దగ్గర నిలబడ్డారు.

"ఆ వాక్యం యాడికి పోయింది?"

"పేజీ సరిపోలేదండి."

"ఒక్క లైను" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఏడాది దాటాక, లిండా అనే ఆవిడ మా కౌంటర్ దగ్గరికి వచ్చింది. ఆరోజు కౌంటర్లో మనిషి లేక నేనే కూర్చున్నాను. బడి వంటశాలలో పనిచేస్తుంది. కష్టపడి కట్టించుకున్న వెనక గది కుంగి, గోడ చెయ్యి పట్టేంత పగిలిందట. కంప్యూటర్లో చూశాను. పునాది తనిఖీ, పచ్చ గడి. లోపలికి వెళ్ళి చూస్తే "ఫోన్‌లో సలహా". పాత చెరువేదో పూడ్చిన చోట గోడ లేపారు.

"మీవాళ్ళు ఏ రోజు వచ్చారు? ఆ వారమంతా నేను ఇంట్లోనే ఉన్నాను. ఎవరూ వచ్చినట్టు నాకు గుర్తులేదు" అంది.

"తనిఖీ పూర్తయిందని రికార్డులో ఉంది" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "అయితే నేనే గమనించలేదేమో. సారీ లవ్" అంది, ఇక్కడివాళ్ళు ఎవరినైనా ఆప్యాయంగా పిలిచే పిలుపుతో.

ఆవిడ నాకు సారీ చెప్పింది. కూలుతున్న ఇంటి మనిషి, కూల్చిన వాడికి సారీ చెప్పి, సంచీ తీసుకుని బస్‌స్టాప్ వైపు నడిచింది. ఆ మధ్యాహ్నం కౌన్సిల్ టాయిలెట్లో తలుపు వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. సాయంత్రం వసుంధర గారికి ఫోన్ చేశాను. అప్పటికి ఆవిడ లండన్ శివారు హౌన్స్‌లోలో కూతురి దగ్గర ఉంటూ, అద్దె ఇళ్ళ మరమ్మతులు చూసే చిన్న ఉద్యోగం చేస్తున్నారు. అంతా చెప్పాను.

"నాకెందుకు చెప్తాండావు? ఆ యమ్మకు పోయి చెప్పు."

"చెప్తే ఉద్యోగం పోతుందండి ఆంటీ."

"నాది పోలేదా? బతికే ఉండా గదా."

శనివారం లిండా ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి చెప్పాను. మీ పునాది చూడటానికి ఎవరూ రాలేదు, రానిదాన్ని వచ్చినట్టు లెక్కవేసే పద్ధతి రాసింది నేనే, ఈ మాట కాగితం మీద సంతకం పెట్టి ఇస్తాను అన్నాను. ఆవిడ థాంక్స్ చెప్పలేదు. "ఆ రోజు కౌంటర్ దగ్గర ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. తలుపు పట్టుకుని, నా జవాబు కోసం నిజంగానే ఎదురుచూసింది.

కౌన్సిల్ మొదట బుకాయించింది. నా కాగితం వచ్చాక చివరికి ఆ గోడ బాగుచేయించింది. నాకు కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ పచ్చ రిపోర్టులు మాత్రం కమిటీ మినిట్స్‌లో, అంటే సమావేశాల నమోదు పుస్తకంలో, భద్రంగా ఉన్నాయి. వసుంధర గారి వరుసను సరిచేయమని రెండుసార్లు రాశాను. ఒకసారి ఆమోదించిన మినిట్స్‌ను మార్చడం కుదరదని మర్యాదగా జవాబిచ్చారు. ఆవిడను ఎవరూ వెనక్కి పిలవలేదు, ఒక్క ముక్క రాయలేదు. అంత నిజాయితీగా పనిచేసిన మనిషి పేరు కాగితాల్లో చేతకానిదానిగా మిగిలిపోయింది. ఆ కాగితం తయారుచేసింది నేనే.

ఆవిడకు మళ్ళీ ఫోన్ చేసినప్పుడు అడిగారు. "ఆ యమ్మ ఏమనింది?"

"అప్పుడెందుకు చెప్పలేదని అడిగిందండి."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేకపోయానండి."

"అదే మేలు. ఏమన్నా చెప్పింటే అదీ అబద్ధమే అయ్యేది" అన్నారు. ఆ వెంటనే, "అన్నం తిన్నావా?" అని అడిగారు.

ఇప్పుడు నేను ఒక ఆసుపత్రిలో వెయిటింగ్ లిస్టుల లెక్కలు చూస్తున్నాను. పోయిన నెల మా మేనేజర్, రిసెప్షన్‌వాళ్ళు ఫోన్ చేసి పలకరించిన పేషెంట్లను కూడా డాక్టరు చూసినవాళ్ళ వరుసలో కలపమంది. అందరూ అలాగే చేస్తున్నారంది. కుదరదు అన్నాను. ఆవిడ ఇంకోసారి చెప్పి చూసింది. అయినా మళ్ళీ అదే మాట అన్నాను. అంత చిన్న మాట పలకడం నేర్చుకోవడానికి ఒక మనిషి ఉద్యోగం, ఒక ఇంటి గోడ పోవాల్సి వచ్చింది. ఆ రెండూ నావి కావు.