ఆళ్లగడ్డ కోళ్లూ, మెథియోనిన్ డబ్బా

ఆ రోజుల్లో, అంటే డెబ్బయ్యో దశకం చివర, ఎవరేం చెప్పినా “ఆధారమేమిటి?” అని అడగడమే విజ్ఞానమని నేను గాఢంగా నమ్మేవాణ్ణి. నంద్యాలలో మా అద్దె ఇంటావిడ “ఈరోజు ఎండ ఎక్కువప్పా” అంటే, ఉష్ణమాపకం చూసి వచ్చి గాని అంగీకరించేవాణ్ణి కాను. (ఆమె నాకు మజ్జిగ పంపడం మానేయడానికి కారణం అదేనా అన్నది నేటికీ నిర్ధారణ కాలేదు.) పశువైద్య పట్టాతో అక్కడి కోళ్ల పరిశోధన విభాగంలో తాత్కాలిక ఉద్యోగిగా చేరిన కొత్తలో, పెద్దసారు నాకొక పని అప్పగించారు. కోళ్ల మేతలో వేరుశనగ చెక్క ఎక్కువ. ఆ చెక్కలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. దాన్ని విడిగా కలిపి పెడితే, కొక్కెర తెగులు టీకా వేసిన కోళ్లలో రోగనిరోధక శక్తి ఇంకా పెరుగుతుందని ఒక వాదన. నిజమో కాదో తేలిస్తే ఉద్యోగం ఖాయం, తేల్చలేకపోతే ఇంటికి. “కాదని తేలుస్తాను సార్” అన్నాను, ప్రయోగం మొదలుకాకముందే. (సంశయవాది అనకూడని మాట అదొక్కటే.)

కోళ్లు దొరికింది ఆళ్లగడ్డలో, బడి నుంచి విరమణ పొందిన ఒక టీచరమ్మ దగ్గర. ఆమె కొట్టాన్ని ఇనుప వలతో రెండుగా విభజించి, అన్ని కోళ్లకూ ఒకేరోజు కంట్లో టీకా చుక్క వేశాను. కుడివైపు వాటి మేతలో టీచరమ్మ రోజుకొక కొలత మెథియోనిన్ పొడి కలపాలి. ఎడమవైపు వాటికి ఉత్త మేత. ప్రతి శనివారం బస్సులో వెళ్లి పొడి డబ్బాను తూచేవాణ్ణి. వాడాల్సిన కొలతకూ తగ్గిన తూకానికీ గ్రాము తేడా ఉండేది కాదు. వలలో కన్నాలు వెతికాను. ఎలుకల మీద అనుమానంతో డబ్బాకు తాళం వేసి, తాళంచెవి టీచరమ్మకే ఇచ్చాను. “కోళ్ల మేతకు తాళమేందప్పా, బంగారమా?” అని ఆమె ఒకటే నవ్వు.

నెలన్నర తర్వాత రక్తం తీసి పరీక్షిస్తే, రెండు వైపులా రోగాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలు సమానం! ప్రయోగశాలలో స్టూలు చుట్టూ గంతులు వేశాను. ‘ప్రయోజనం శూన్యం’ అని నివేదిక రాసి, సోమవారం పెద్దసారుకు సమర్పించేలోగా శనివారమే టీచరమ్మకు వినిపించడానికి పరుగెత్తాను.

“రెండు పక్కలా ఒకటే వచ్చిందమ్మా! పిసరు తేడా లేదు!”

“తేడా యాడ్నుంచి వస్తాదప్పా? నేను సమంగా పంచితి గదా.”

“ఏం పంచారు?”

“నీ పొడే. ఏందట్ల చూస్తాండావ్? ఒకే పంక్తిలో కూర్చున్నోళ్లలో సగం మందికి వడ్డించి, సగం మందిని చూస్తా ఉండమంటే ఎట్ల? పెండ్లి భోజనాల్లో గానీ చర్చి విందులో గానీ నేనట్ల చేసి ఎరగను. వల సందుల్లోంచి మూతులు పెట్టి చూస్తాండె, పాపం. నీ కొలత చెడకుండా సగం ఈడ, సగం ఆడ ఏస్తి.”

“ఎప్పటినుంచి?”

“మొదటి దినం నుంచే. నువ్వు బస్సెక్కినాక.”

“నాకొక మాట చెప్పొచ్చు కదమ్మా!”

“నువ్వడిగితివా? వలను అడిగితివి, ఎలుకల్ని అడిగితివి. నన్నెప్పుడన్నా అడిగితివా?”

తిరుగు బస్సులో నివేదిక నా ఒళ్లోనే ఉంది. తూకాలు సరిపోయాయి, రక్తపరీక్షలూ సరిపోయాయి. నోరు మూసుకుంటే ఉద్యోగం నాదే. కానీ ఊరందరినీ ఆధారాలడిగి వేధించినవాడికి ఆ మౌనం మింగుడుపడలేదు. సోమవారం అంతా చెప్పేశాను. పెద్దసారు నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తుడుచుకున్నారు. “నీ ఉద్యోగం ఖాయమూ కాలేదు, పోనూ లేదు. ఇంకో ఆర్నెల్లు గడువు రాస్తా. మళ్లీ చెయ్. ఈ తూరి మేత నువ్వే పెట్టు.”

పెట్టాను. ఆళ్లగడ్డలోనే గది తీసుకుని, కొత్త కోళ్లతో, రెండు పూటలా స్వయంగా పెట్టాను. ఎడమవైపుకు ఉత్త మేత వేసినప్పుడల్లా టీచరమ్మ ముఖం తిప్పుకునేది. ఈసారి ఫలితం స్పష్టంగా తేలింది: పొడి తిన్న కోళ్లలోనే ప్రతిరక్షకాలు ఎక్కువ. నా జోస్యం బొత్తిగా తప్పింది. ఉద్యోగం మాత్రం ఖాయమైంది. ఆ సంతోషంలో, ఆ సాయంత్రమే, డబ్బాలో మిగిలిన పొడిని కొలవకుండా చేత్తోనే ఎడమవైపు మేతలో కలిపేశాను. (అతిగా పెడితే హాని అని నాకు తెలుసు, మిగిలింది చిటికెడే.) “ఇప్పుడు మనిషివైనావప్పా” అంది టీచరమ్మ. మేత తొట్టి పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కొక్క పెట్టకూ విడివిడిగా క్షమాపణ చెప్పుకుంటున్న ఆ యువకుణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది; వాడి పక్కన కాసేపు కూర్చుందామనీ అనిపిస్తుంది.