ఖాళీగా వదిలిన గడి

ఎనిమిదేళ్ళుగా ఒక ఖాళీ గడిని మోస్తున్నాను. రిజిస్టరులో వేలెడంత గడి. దాని బరువు సంగతి మీకే మొదట చెబుతున్నాను.

వడమాలపేట దగ్గర ఒక చిన్న ఏటి వంతెన మీద నీటిమట్టం చూడడం నా పని. పొద్దున, సాయంత్రం స్తంభానికి కొట్టిన స్కేలు చదివి అంకె వేయాలి. పక్క గడిలో నీళ్ళు పారుతున్నాయో, నిలిచాయో రాయాలి. కష్టమైన పనేమీ కాదు.

ఆ ఏడాది ఇసుక ట్రాక్టర్లు దాటడానికి వంతెన దిగువన ఏటికి అడ్డంగా మట్టికట్ట వేశారు. వానకు వచ్చిన నీళ్ళు కట్ట వెనకే నిలిచాయి. స్కేలు మీద మూడడుగులు. దిగువకు చుక్క పోలేదు. నేను మూడు అని వేసి, పక్క గడి వదిలేశాను. ఖాళీగా ఉంటే పారుతున్నట్టే లెక్క. ఎందుకు వదిలేశాను? పారని ఏటికి మనిషెందుకని నన్ను తీసేస్తారని భయం. అది సగమే నిజం. ఇసుకవాళ్ళతో నాకెందుకులే అనుకోవడం మిగతా సగం. పాము చావకుండా, కర్ర విరగకుండా గడుపుకొచ్చాను. అంకె తప్పు కాదు కదా అని రోజుకు రెండుసార్లు నాకు నేనే చెప్పుకొని, ఆ చెప్పుకోవడంలోనే తప్పుందని తెలిసి కూడా, మర్నాడు మళ్ళీ గడి వదిలేశాను.

దిగువన రెడ్డెప్ప చెరుకుతోట. ఏరు పారితేనే అతని బావిలో ఊట. కట్ట తెంచమని అర్జీ పెట్టుకున్నాడు. ఆఫీసులో ఎవరూ ఏటికి దిగలేదు. నా రిజిస్టరు చూసి, ఏరు పారుతోంది పొమ్మన్నారు.

అతను వంతెన మీదికే వచ్చాడు.

"ఏరు పారతా ఉండాదని రాసినావంట గదప్పా?"

"స్కేలు మీద ఎంతుంటే అంతే రాసినాను."

వంగి కిందికి చూసి నవ్వాడు. "సరేలే. అయితే నా బావే అబద్దం సెప్తా ఉండాది."

చెరుకు నిలువునా ఎండింది. ఇప్పుడతను అలిపిరిలో కొండెక్కేవాళ్ళ సంచులకు కాపలా ఉంటున్నాడు. ఒకసారి కనబడి, బాగున్నావా అని పలకరించాడు. ఏరు పారుతోందా అనీ అడిగాడు. పారుతోందన్నాను. ఆ రోజు అది నిజమే. అందుకే చెప్పగలిగాను. మిగతాది చెప్పలేకపోయాను. సిగ్గేసింది.

ఆ పాత రిజిస్టరు ఏ బీరువాలో ఉందో తెలియదు. దిద్దినా చెరుకు చిగురించదు. క్షమించమని అడగడానికి కాదు, కాస్త ఊపిరాడుతుందని ఆ గడిలో రాయాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

నీళ్ళు నిలిచాయి. పారలేదు. రెడ్డెప్ప బావి అబద్ధం చెప్పలేదు.