నాయన గీసిన అంచులు, ఆ నీలం తెర

మా చిన్నప్పుడు... ధర్మవరంలో మాకు ఉన్నవి రెండే గదులు. లోపలి గదిలో అమ్మ మగ్గం. గోడకు ఇవతల బల్ల మీద నాయన కంప్యూటర్.

మోకాళ్లు అరిగిపోయి మగ్గం గుంతలో కూర్చోలేక, నాయన కంప్యూటర్లో చీరల డిజైన్లు వేయడం నేర్చుకున్నాడు. హిందూపురంలో ఒక పాత కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. అంచులూ కొంగులూ చుక్కచుక్కగా అందులోనే గీసేవాడు. మొదట్లో పూర్తయిన కొన్ని అంచులు, చీరలు నేయించే షావుకారు చీరల మీదికెక్కాయి; వాటిలో నాయన చిలక ఎప్పుడూ వెనక్కి తిరిగే చూసేది. మళ్లీ పని దొరికిందని మనిషి నిటారుగా నడవడం మొదలుపెట్టాడు.

కానీ పోనుపోను, సగం గీసేసరికి... తెరంతా నీలం! దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే అప్పటిదాకా గీసిందంతా మాయం.

"పాపా, ఏం రాసిండాదో చదువు" అని నన్ను పిలిచేవాడు. ఇంగ్లీషు మీడియం పిల్లను కదా, గట్టిగా చదివేదాన్ని. అర్థం మాత్రం నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు.

కంప్యూటర్ పెట్టెను బస్సులో హిందూపురం తీసుకెళ్లేవాడు. సీటు దొరక్కపోతే పెనుకొండ దాకా నిలబడే మోసేవాడు, ఆ మోకాళ్లతోనే... అక్కడ రిపేరు చేసే ఆయన ర్యామ్ ఊడదీసి రబ్బరుతో రుద్దేవాడు. విండోస్ మళ్లీ ఎక్కించేవాడు. ఆ అంగట్లో రోజంతా పెట్టినా ఒక్కసారి కూడా ఆగేది కాదు.

"ఈడ బాగానే పని చేస్తాండాది కదప్పా! మీ ఇంట్లో కరెంటే బాగలేదేమో చూసుకో" అనేవాడు.

మాయదారిది, ఇంటికి రాగానే మళ్లీ నీలం. వైర్లు మార్పించాం. అవ్వ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. పెళ్లిళ్ల సీజనుకని షావుకారు చెప్పిన కొంగు మాత్రం పూర్తి కావడం లేదు.

"ఇది ఇయ్యకపోతే ఇంగ నన్నెవురు పిలుస్తారు?" అని నాయన తల పట్టుకునేవాడు.

ఒకరోజు అమ్మకు జ్వరమొచ్చి మగ్గం ఆగింది. ఆ రోజు పొద్దుగూకేదాకా కంప్యూటర్ ఆగలేదు. బాగైపోయిందని ఎంత సంబరపడ్డామో... మర్నాడు అమ్మ నేత మొదలుపెట్టింది. కాసేపటికే నీలం.

నాయన లేచి గోడ మీద చెయ్యి పెట్టాడు. గోడ అదురుతోంది. దాన్ని ఆనుకుని ఉన్న బల్లా అదురుతోంది. పుట్టినప్పటి నుంచీ ఆ దడదడలోనే బతికాం... అది మా ఇంటిని కదిలిస్తోందని మాలో ఒక్కరికీ తోచలేదు.

"మగ్గం ఆపేస్తాలే" అంది అమ్మ.

"ఆపేస్తే ఏం తింటాం?" అన్నాడు నాయన.

బల్లను వసారాలోకి మార్చాం గానీ అప్పటికే ఆలస్యమైంది. ఆ అదురుకి లోపల హార్డ్ డిస్క్ పాడైపోయిందట, అందులోవి ఇక రావట. ఆయన గీసినవన్నీ పోయాయి. షావుకారు ఆ పని వేరే మనిషికి ఇచ్చేశాడు. నాయన మళ్లీ మౌసు ముట్టలేదు. ఎవరైనా డిజైన్ల మాటెత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

ఇప్పుడు నాయన లేడు. నా ఫోనేమో అక్కర్లేని ఫోటోలు కూడా అడక్కుండానే దాచిపెడుతోంది. ఆయన గీసిన అంచు మాత్రం మా దగ్గర ఒక్కటీ లేదు. నేసిన చీరలన్నీ అమ్మకానికే పోయేవి, అమ్మ ఒక్కటీ కట్టుకోలేదు.

మీ ఇంటి బీరువాలో అప్పటి ధర్మవరం పట్టుచీర ఉంటే, దాని అంచు ఫోటో తీసి కామెంట్లో పెట్టండి. చిలక వెనక్కి తిరిగి చూస్తూ ఉంటే... అది మా నాయన గీసిందే.